చెరువు అవతలి గుడి

మా ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చాక నేను రెప్పవేయడమే తగ్గించాను. అయినా ఆ రోజు వేశాను. వాంకూవర్ శివార్లలో మేం తరచూ వెళ్ళే తోట అది. పార్కింగ్ యాప్ మొరాయించింది. దానితో కుస్తీపట్టి తలెత్తేసరికి, పక్క బెంచీ మీద కూర్చోబెట్టిన మనిషి లేరు. ఆయన ఫోను నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

"ఏమండీ!" అని అరిచాను. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు, మా ఆయన తప్ప. టాయిలెట్ల దగ్గర, కార్ల మధ్య వెతికి వెతికి చెరువు గట్టుకు వచ్చాను.

ఆ తోట ఎవరో కలప వ్యాపారి ఇంగ్లండు మోజుతో, పద్దెనిమిదో శతాబ్దపు అక్కడి జమీందార్ల తోటలకు నకలుగా వేయించుకున్నది. మధ్యలో చెరువు, అవతలి గట్టున తెల్లటి స్తంభాల గ్రీకు గుడి. లోపల దేవుడూ లేడు, దీపమూ లేదు. దూరం నుంచి చూసి మురిసిపోవడానికే కట్టారు. దారిని కూడా కావాలనే వంకర్లు తిప్పారు. గుడి ఒకసారి కనిపిస్తుంది, చెట్ల చాటున మాయమవుతుంది, ఇంకో మలుపులో మళ్ళీ ఊరిస్తుంది. తోటలు డిజైన్ చేసి రిటైరైనదాన్ని కదా, వచ్చిన చుట్టాలందరికీ ఈ చమత్కారాన్ని నేనే వర్ణించి చెప్పేదాన్ని.

అవతల గుడి మెట్ల మీద నీలం జాకెట్ కనిపించింది. ఆయనే! ప్రాణం లేచొచ్చింది. పిలిస్తే వినపడే దూరం కాదని చెయ్యి ఊపాను. ఆయన కదల్లేదు. ఆ మెట్లు నేరుగా నీళ్ళలోకే దిగుతాయి.

పరుగెత్తాను. పరుగంటే నా మోకాళ్ళకు చేతనైనంత. దారి నన్ను దేవదారు చెట్ల వెనక్కి తీసుకుపోయింది. గుడి లేదు, ఆయన లేరు. అడ్డదారి ఒక్కటీ లేదు. ఆ వ్యాపారినీ, వాడికి ప్లాను గీసిచ్చినవాణ్ణీ నోటికొచ్చినట్టు తిట్టాను. మలుపు తిరిగితే నీలం జాకెట్ ఇంకా ఉంది, ఇందాకటికన్నా ఒక మెట్టు కిందికి. మళ్ళీ చెయ్యి ఊపాను. మళ్ళీ చెట్లు.

"మీకు దణ్ణం పెడతాను, అక్కడే ఉండండి" అని గొణుక్కుంటూ నడిచాను.

చివరి మలుపులో గుడి ఎదురుగా వచ్చింది. మెట్లు ఖాళీ. అట్టడుగు మెట్టు మీద, నీళ్ళ పక్కనే, ఆయన బూట్లు జతగా విడిచి ఉన్నాయి.

గట్టున చెప్పులు కనబడితే మనవైపు ఎవరైనా ముందు చూసేది నీళ్ళలోకే. నేనూ చూశాను. ఎండుటాకులు తేలుతున్నాయి, అంతే. బూట్ల పక్కన కూలబడ్డాను.

"బూట్లు విడిచి రా. గుడి కదా" అని పైనుంచి వినిపించింది.

ఆయన స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉన్నారు, తడిసిన సాక్సులతో. ముఖం పాలిపోయి ఉంది. ఏడుస్తూనే పైకెక్కి ఆయన భుజాలు పట్టి కుదిపేశాను. "ఎక్కడికి పోయారండీ? నా గుండె ఆగిపోయింది తెలుసా?"

"నేనెక్కడికి పోయాను? ఇక్కడే ఉన్నాగా" అన్నారు. నా చేతిని నొప్పిపుట్టేలా పట్టుకున్నారు. "నువ్వే. కనిపిస్తావు, చెయ్యి ఊపుతావు, అంతలోనే మాయమైపోతావు. ఇంట్లో కూడా ఈమధ్య ఇలాగే చేస్తున్నావు. అలా చెయ్యకు. నాకు భయమేస్తోంది."