పిడికెడు బియ్యం కుండ

ఎదుటివాళ్లను మెచ్చుకుంటుంటే విని ఊరుకోవడం నాకు చేతకాదు. అందులోనూ మా తోడికోడల్ని మెచ్చుకుంటే అస్సలు చేతకాదు.

చిత్తూరులో మాది ఉమ్మడి కాపురం. మా క్రైస్తవుల ఇళ్లలో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తాం. ఆదివారం చర్చికి మోసుకెళ్లి, అందరి ముందూ చాపమీద కుమ్మరిస్తాం. పొద్దుటి వంట అక్కది (తోడికోడల్ని నేనలాగే పిలుస్తాను), సాయంత్రం వంట నాది కాబట్టి ఎవరి కుండ వాళ్లకే ఉండేది.

రెండో ప్రపంచయుద్ధం రోజులు. బియ్యమంతా రేషనే. అయినా నేను గుప్పిట పట్టినంతా తీసేదాన్ని. నా కుండ అంచుదాకా ఉండేది, అక్కది అడుగునే. మరి చర్చిలో ఆడవాళ్లు చుట్టుముట్టేది ఎవరిని? అక్కనే! "మీ పెద్దకోడలు బంగారం" అంటే మా అత్త మురిసిపోయేది. నా కుండకేసి చూసి ఒక్క మంచిమాట అంటే నాకు చాలు. అనేది కాదు.

ఒక పొద్దున అక్క కుండ కొంగుచాటున పెట్టుకుని పెరటి తలుపు దాటింది. వెనకాలే వెళ్లాను. పక్కనే పూలు కట్టి అమ్మే అవ్వ గుడిసె. చలిజ్వరంతో మంచం పట్టింది. అక్క దేవుడి బియ్యం తీసి అవ్వ సట్టిలో పోస్తోంది! దొరికిపోయిందని నాకు ఎంత సంతోషమో. ఒక్క పరుగున ఇంటికొచ్చాను.

"అత్తా! దేవుని బియ్యం ఆ పూలవ్వకు పోసేస్తా ఉండాది అక్క. నా కండ్లారా సూసినా!"

అత్త చెరుగుతున్న చాట ఆపనైనా ఆపలేదు.

"నాకు తెలుసులే మే. చర్చిలో అందరికీ తెలుసు. నెల దినాలుగా ఆ ముసల్ది పడుకోనుండాది. గోడవతలే కదా, నువ్వొక తూరన్నా తొంగి సూసినావా?"

ముఖం మాడిపోయింది. మర్నాడు అక్క లేవకముందే నా నిండుకుండ ఎత్తుకుని గుడిసెకు పోయాను.

"చిన్నకోడలివా? మీ యక్క రాలేదా?" అంది అవ్వ.

"ఏం అవ్వా, నేనొస్తే పనికిరానా?"

"అట్ల కాదమ్మా. బియ్యం ఈడ పెట్టి పోతే వండేదెవరు? మీ యక్క గంజి కాసి, తాపి పోతాది."

ఆ సంగతి నేను చూడనేలేదు, చాడీ చెప్పాలన్న తొందరలో! పొయ్యి ఊది ఊది, కళ్లనీళ్లు కారుతుంటే గంజి కాచాను. అవ్వ ఒక గుక్క తాగి మూతి ముడిచింది.

"ఉప్పు సాల్లేదు. మీ యక్కయితే సరిగ్గా ఏస్తాది."

మనసులో తిట్టుకుంటూనే ఉప్పు వేశాను. తల ఎత్తిపట్టి తాపాను. ఒళ్లు కాలిపోతోంది. అంత జ్వరంలోనూ సట్టి ఖాళీ చేసి, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"రేపు ఎవరొచ్చేది?"

"నేనే! అక్కకు పని తీరదంట," అని అబద్ధం చెప్పేశాను.

ఆ ఆదివారం చర్చిలో నా కుండ కూడా అడుగునే ఉంది. అత్త అందులోకి వంగి చూసింది. ఏమన్నా అనిందో లేదో నేను వినలేదు. నా కళ్లు అక్కమీదే ఉన్నాయి, రేపు నాకంటే ముందు లేచి గుడిసెకు పోతుందేమోనని.