పాదుషా కుడి చెంప

కాలేజీలో చదువుకుంటూ టొరంటోలో ఒక మ్యూజియంలో సెక్యూరిటీ గార్డుగా పార్ట్‌టైమ్ చేశాను. నా వంతుకు వచ్చిన గదిలో ఒక మొఘల్ పాదుషా చిత్రం ఉండేది. అరచేతికంటే కొంచెం పెద్దది. కిటికీలో కూర్చుని, చేత్తో పువ్వు పట్టుకుని, పక్కకు చూస్తుంటాడు. ఎడమ చెంప, ఎడమ కన్ను, ఎడమ చెవికి ముత్యం. అంతే. ఆ ఆస్థానంలో రాజుగారి ముఖాన్ని ఒక పక్క నుంచే గీసేవారట. కుడి చెవికి ముత్యం ఉందో లేదో దేవుడికే ఎరుక.

బడిపిల్లల్ని తీసుకొచ్చే గైడు ఎప్పుడూ ఒకే కథ చెప్పేది. పాదుషా రోజూ పొద్దున్నే కిటికీలో కనిపించాలి. ఆయన ముఖం చూడనిదే పచ్చి మంచినీళ్లయినా ముట్టనివాళ్లు కింద కాచుకుని ఉండేవారు. కనిపించకపోతే పోయాడని ఊరంతా పుకారే. ఆ కథ విన్నప్పుడల్లా మా అక్క గుర్తొచ్చి నాకు నవ్వొచ్చేది.

అక్క హనుమకొండలో టీచరు. బడి నుంచి వచ్చి చాయ్ పెట్టుకుంటుంది కానీ, వీడియో కాల్‌లో నా ముఖం చూసేదాకా తాగదు. ఆమెకు సాయంత్రం, నాకు పొద్దున్న. టొరంటో పడమటి అంచున, ఎటోబికోలో నేనుండే బేస్‌మెంట్‌కు ఒకటే కిటికీ. అక్కడ కూర్చుంటే గోడమీది చెమ్మ ఫోన్‌లో కనపడదు. జడ వేసుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, రెండు నిమిషాలు దర్శనం ఇచ్చేదాన్ని.

ఆ చలికాలం బస్‌స్టాప్ దగ్గర మంచుగడ్డ మీద జారి పడ్డాను. కుడి చెంప వాచి నల్లగా కమిలింది. అక్కకు తెలిస్తే తిండి మానేస్తుంది, వచ్చేయమంటుంది. అందుకని పాదుషా దగ్గర నేర్చిన విద్య వాడాను. మంచు పడుతోందేమో చూస్తున్నానని చెప్పి, కిటికీవైపు తిరిగి, ఎడమ చెంపతోనే మాట్లాడాను. నాలుగు రోజులు గడిచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ నాలుగు రోజులూ డ్యూటీకి వెళ్లాను. నా ముందు నుంచి వందలమంది వెళ్లారు. వాష్‌రూమ్ ఎటని అడిగారు. ఇంట్లో నాతో ఉండే అమ్మాయిలిద్దరివీ వేరే షిఫ్టులు. గుమ్మం దగ్గరి బూట్లను బట్టే వాళ్లున్నారో లేరో తెలిసేది. నా చెంప సంగతి ఎవరూ ఎత్తలేదు. మంచిదే, చెప్పే పని తప్పింది అనుకున్నాను. మూడోరోజు మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని, ఎడమ దవడతో పెరుగన్నం నములుతుంటే, ఎవరైనా అడిగితే చెబుదామని ఇంగ్లిషులో తయారుచేసి పెట్టుకున్న వాక్యం గుర్తొచ్చింది. అది ఇంకా అలాగే ఉంది. చాలా బాధేసింది.

ఐదోరోజు అక్క మాటల మధ్యలో ఆగింది. మా ఇంట్లో ముక్కు కుడివైపే కుట్టిస్తారు. నా ముక్కుపుల్ల ఆమే చేయించింది.

"ఐదు దినాల సంది నీ ముక్కుపుల్ల కనవడ్తలేదు. పోగొట్టుకున్నవా?"

"ఉందక్కా."

"ఉంటే చూపియ్."

ముఖం ఫోన్‌వైపు తిప్పాను.

అక్క చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏమైందే?" అంది.

నా ఇంగ్లిషు వాక్యం అక్కడ పనికిరాలేదు. పడ్డానని చెప్పాను. ఇన్ని రోజుల్లో ఒక్కరూ అడగలేదని కూడా చెప్పి వెక్కి వెక్కి ఏడ్చాను. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. అక్క ఫోన్ పెట్టేయలేదు.

నా ముఖం మొత్తం చూసిన ఆ రోజు ఆమె చాయ్ తాగలేదు.