కడిగిన చేతులు, కడగని చేతులు

కాన్పయిన మూడో రోజు పొద్దున నాకు వణుకు పుట్టింది. ఎండలో కూర్చున్నా గొంగడి కావాలనిపించింది. మా అత్త నుదురు తాకి చూసి, "పాలజ్వరం. అదే తగ్గుతది" అంది. మా ఊరు ఎల్లారెడ్డిలో బాలింతకు ఏ జ్వరం వచ్చినా అది పాలజ్వరమే. బాలింత నీళ్లు తాగితే సన్నిపాతం వస్తుందని నీళ్లు కూడా ఇవ్వలేదు. దాహంతో చచ్చాను.

నాకు పురుడు పోసింది సాయవ్వ. ఆమెలాంటి మంత్రసాని లేదని ఊరంతా అంటుంది, నేనూ అంటాను. నొప్పులు పడ్డంతసేపు నా నడుము పట్టుకుని, "నేనున్న బిడ్డా, ఇంక కొంచెమే" అంటూ పక్కనే ఉంది. ఆడపిల్ల పుట్టింది.

జ్వరం వచ్చిన మర్నాటికి నా దగ్గర దుర్వాసన మొదలైంది. నేను ఏదేదో మాట్లాడుతుంటే మా ఆయన భయపడి బండి కట్టించాడు. పాపను అత్త దగ్గరే ఉంచారు.

కామారెడ్డి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "యూట్రస్ సెప్టిక్ అయింది" అంది. తర్వాత మా ఆయన్ను అడిగింది.

"మంత్రసాని చేతులు ఎప్పుడు కడుక్కుంది?"

"కాన్పయినంక మేమే నీళ్లు పోసినం. మైల గదమ్మా."

"అంతకు ముందు?"

మా కొట్టంలో పేడ ఎత్తుతున్న సాయవ్వను ఉన్నపళంగా లోపలికి పిలిచింది మేమే.

గోలీలు మింగించారు, లోపల క్లీనింగ్ చేశారు. టెంపరేచర్ దిగింది, మళ్లీ ఎక్కింది. నొప్పికి మూలిగితే నర్సమ్మ, "అరవకు, అందరికీ ఉన్నదే" అని కసిరేది. ప్రాణం నిలబెట్టారు, ఆ మేలు మరవను. కానీ నా చెయ్యి పట్టుకున్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

ఇంటికి వచ్చేసరికి పాప పొత్తిగుడ్డలు ఉతికి మడిచి పెట్టి ఉన్నాయి. మేకపాలు ఇమడక, విరేచనాలు పట్టుకుని చనిపోయిందట. నాకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఆ సాయవ్వే మన కొంప ముంచింది" అంది అత్త.

నాకు ఒళ్లు మండింది. "మన మైల పోవాలని నీళ్లు పోసినం అత్తమ్మా. నా పానం కోసం పోసినమా?" అన్నాను. అత్త లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు నాకు మళ్లీ ఏడో నెల. రాత్రుళ్లు నిద్ర రాదు. మొన్న సాయవ్వ దొడ్డివైపు వచ్చి, "నన్ను పిలువకు బిడ్డా. నా చేతులంటే నాకే భయమైతుంది" అని ఏడ్చింది. నువ్వే రావాలన్నాను. జ్వరం తగిలితే ఆ పూటే కామారెడ్డికి తీసుకెళ్లాలని మా ఆయన దగ్గర మాట తీసుకున్నాను.

అక్కల్లారా, ఒక్కటే చెప్తాను. మంత్రసాని మిమ్మల్ని ముట్టుకోకముందే గోళ్లు తీయించి, కాచిన నీళ్లతో, సబ్బుతో మోచేతుల దాకా కడిగించండి. నొప్పులు ఎక్కువయ్యాయని ఇంట్లోవాళ్లు తొందరపెడతారు, వినకండి. బిడ్డ ఆ కాసేపు ఆగుతుంది. మా పాప కూడా ఆగేది.