ఉత్త నాడె చప్పుడు

మా చిన్నప్పుడు వరంగల్ మట్టెవాడలో మా గల్లీ అంతా మగ్గాల చప్పుడే... పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా. పని వేళలో ఏ ఇంట్లోనైనా మగ్గం ఆగిందంటే అక్కడ ఎవరో పోయినట్టే. ఇరుగుపొరుగు చేతిలో పని వదిలి వచ్చేవాళ్ళు.

ఎనభై నాలుగు డిసెంబరు. నేను ఏడో తరగతి. బాపు, అంటే మా నాన్న, మేం నేసిన దుప్పట్లు తీసుకుని ఢిల్లీ ఎగ్జిబిషన్‌కి వెళ్ళాడు. సోమవారం సాయంత్రం వరంగల్ స్టేషన్‌లో దిగాలి... దిగలేదు.

చూపు పోయిన నానమ్మకు రోజూ పక్కింటి పేపర్ తెచ్చి చదివి వినిపించడం నా పని. కొత్త మాట కనిపిస్తే నోటుబుక్కులో రాసుకునేదాన్ని. మాటల పిచ్చి అప్పుడప్పుడే పట్టుకుంది. మంగళవారం మొదటి పేజీలో కొత్త మాట 'విషవాయువు'. ఊరు భోపాల్... బాపు రైలు వచ్చే దారిలోనే.

అమ్మకు చదువు రాదు. వంటింట్లోకి వెళ్ళి మెల్లగా చెప్పాను.

"మీ నానమ్మకు గిది సదవకు" అని, అమ్మ వెళ్ళి మగ్గం గుంటలో కూర్చుంది.

నేను మొదటి పేజీ వదిలేసి సినిమా ప్రకటనలు చదివాను. నానమ్మ ఊ కొడుతూ వింది. "ఇయ్యాల పేపర్ల ఏం లేనట్టుంది బిడ్డా" అంది.

మధ్యాహ్నానికి నూలు అయిపోయింది. బాపు వస్తేగానీ కొత్త నూలు రాదు. అయినా మగ్గం ఆగలేదు... అమ్మ పోగును అటూ ఇటూ మోసే నాడెలో నూలు చుట్టని ఖాళీ కండె పెట్టి ఆడిస్తూనే ఉంది. బట్ట ఒక్క పోగు పెరగలేదు. బుధవారం పొద్దున మళ్ళీ అంతే. నానమ్మ మంచం మీద కూర్చుని వింటూ ఉంది.

పది గంటలప్పుడు బాపు గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ చేయి ఆగింది.

భోపాల్ చేరకముందే ఎక్కడో రైలును రోజున్నర నిలిపేశారట. "ఎందుకు ఆపిన్రో ఎవ్వలకు తెల్వది. ఆపినోళ్ళను మస్తు తిట్టినం" అన్నాడు, నీళ్ళు తాగి చెంబు దించి. ఆ ప్రయాణం గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

కాసేపటికి మగ్గం వైపు చూశాడు. నూలు లేకుండా ఏం నేస్తున్నావని అమ్మను అడిగాడు. జవాబు నానమ్మ చెప్పింది.

"ఉత్త నాడె సప్పుడు నాకు తెల్వదా? నిన్నటి సంది ఇంటున్న. అడిగితే యాడ ఆపుతదో అని అడగలే."

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. 'విషవాయువు' అందులో లేదు... రాయబుద్ధి కాలేదు.

ఇప్పుడు మా గల్లీలో ఒక్క మగ్గం లేదు. ఏ ఇంట్లో ఎవరు పోయినా ఫోన్‌లో మెసేజ్ వస్తేనే తెలుస్తుంది. రైలు పది నిమిషాలు ఆగితే మాత్రం అందరిలాగే నేనూ విసుక్కుంటాను... అంతలో 'ఆపినోళ్ళను మస్తు తిట్టినం' అన్న బాపు మాట గుర్తొస్తుంది.

ఆగిపోతే గల్లీ అంతా బయటికొచ్చే చప్పుడు మీ చిన్నప్పుడు ఏదైనా ఉండేదా? చెప్పండి... నోటుబుక్కులో ఇంకా కొన్ని పేజీలు ఖాళీగా ఉన్నాయి.