ఏసీ మామ ఎగ్జిట్

కాలేజీ గడప తొక్కకుండా, జిల్లా గ్రంథాలయంలో కూర్చునే ప్రోగ్రామింగ్ నేర్చుకున్నవాడికి ఆ వయసులో ఎంత గర్వం ఉండాలో అంతకు నాలుగు వీశెలు ఎక్కువే ఉండేది నాకు. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఓ మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌ని. గేటు దగ్గర కార్డు పెడితే హాజరు పడే ప్రోగ్రాం నేనే రాశాను. అందులో ఏ చిక్కు వచ్చినా తెర మీద అర్థంకాని ఇంగ్లీషు వరదలా వచ్చేది. దీనికి మందు నేను చదివిన పుస్తకంలో ఉంది. ప్రోగ్రాం నడుస్తుండగా వచ్చే చిక్కును ఎక్సెప్షన్ అంటారు. ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే ఎక్సెప్షన్‌ని తల్లిగా పెట్టుకుని, మన సొంత పిల్లను పుట్టించి, దాని నోట మనకు కావలసిన మాట పలికించవచ్చు. (పుస్తకంలో ఇంత బాగా లేదు, ఈ వాక్యం నాదే.) నేనూ ఓ పిల్లను పుట్టించాను. అచ్చ తెలుగు అక్షరాల్లో దాని పలుకు: "మీ కార్డు నంబరు దొరకలేదు. ఎగ్జిట్."

ప్రోగ్రాం ఆ పని నుంచి బయటికొస్తోందని నా భావం. కానీ సౌదీలో ఎగ్జిట్‌కు ఒక్కటే అర్థం: ఉద్యోగం పోయింది, ఇక ఇంటికి.

మర్నాడు పొద్దున జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఏసీ మామ (ఏసీలు బాగుచేస్తాడు, అందరికీ మామే) నూనె మరకల కార్డు పెట్టి, తెర చదివి, తిన్నగా గదికి వెళ్లిపోయాడట. పనికెళ్లే బండి బయల్దేరుతున్నా రాలేదని నేను వెళ్తే సూట్‌కేసుకు తాడు కడుతున్నాడు.

"ఎక్కడికి మామా?"

"ఎక్కడికేందిరా? ఎగ్జిట్ కొట్టిండ్రు గద! తెలుగుల రాసి మరీ చెప్పిండ్రు. మనల్ని పనికి దెచ్చుకున్న కఫీల్‌కు నేనేం తక్కువ జేసిన? మొన్ననే ఆయనింట్ల ఏసీ బాగజేసొస్తి."

"అది ప్రోగ్రాం ఎగ్జిట్, నీది కాదు. నేనే రాశాను."

"నువ్వు రాసినవా? నన్ను ఎల్లగొట్టనీకి నువ్వేమన్న కఫీల్‌వారా?"

గేటు దగ్గరికి లాక్కెళ్లి, కార్డును నా చొక్కాతో తుడిచి పెట్టాను. హాజరు పడింది. మామ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మొహం మాడింది.

"మీ అత్తకు ఫోన్ జేసి వస్తున్న అన్నరా. ఇగ నువ్వే చెప్పు," అంటూ ఫోను కలిపి నా చేతిలో పెట్టాడు.

నేను మొదటి నుంచీ వివరంగా చెప్పాను: ఎక్సెప్షన్ అంటే ఏమిటి, దానికి తల్లి ఎవరు, సందేశం ఎందుకు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"గవన్నీ నాకెర్కలేదు కొడుకా. గారెలకు పప్పు నానబోసిన. మనిషి వస్తుండా, వస్తలేడా?"

"రావట్లేదత్తా."



"పనైతే ఉన్నది గద?"

"ఉంది."

"ఉంటె సాలు తీ," అని పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే పలుకు మార్చాను: "కార్డు తుడిచి మళ్లీ పెట్టండి. పని ఉంది." ఇప్పుడు పెద్ద ఆఫీసులో పదిమంది రాసిన ప్రోగ్రాములు చూస్తున్నాను. సందేశంలో ఎగ్జిట్ కనిపిస్తే చాలు, ఆ మాట కొట్టేస్తాను. ఎందుకని అడిగి కుర్రాళ్లు నవ్వుతారు. నాకూ నవ్వొస్తుంది, పప్పు నానబోసుకుని ఎదురుచూస్తున్న మనిషికి ఎక్సెప్షన్ తల్లి ఎవరో వివరించిన ఆ పండితుణ్ణి తలచుకుని.