నాలుగో తరగతి ఫైలు

నా భార్య రెండేళ్ళ ఫెలోషిప్ మీద స్పెయిన్ వెళ్ళిన ఏడాది నాకు ప్రమోషన్ రావలసి ఉంది. సెలవు పెట్టి నేనూ ఆవిడతో వెళ్ళొచ్చు. రూల్సు ఒప్పుకుంటాయి, పై అధికారి కూడా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది నేనే. లిస్టులో పేరు దగ్గరికొచ్చాక సీటు వదిలితే మళ్ళీ ఎవడు పిలుస్తాడని నా భయం. ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని తీసుకుని ఆవిడ విమానం ఎక్కింది. నేను ఢిల్లీ ఆర్.కె.పురంలోని క్వార్టర్‌కి తిరిగొచ్చి, స్టాండులో ఉన్న మూడు కంచాల్లోంచి ఒకటి తీసి అన్నం పెట్టుకున్నాను. ఆ ప్రమోషన్ వాళ్ళు తిరిగొచ్చిన తర్వాత ఎప్పుడో వచ్చింది, ఆ సంగతి వదిలేద్దాం.

ఆదివారం ఆదివారం మధ్యాహ్నం మార్కెట్లోని బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసేవాణ్ణి. మా అమ్మాయి ముందు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నం తిన్నావా నాన్నా? ఎవరితో తిన్నావ్?" నేను ఏదో ఒక పేరు చెప్పేవాణ్ణి. పై ఫ్లోర్ అంకుల్ వచ్చాడనీ, ఆఫీసు వాళ్ళొచ్చారనీ. నిజానికి ఆ ఇంటికి పేపరువాడు తప్ప ఎవడూ రాలేదు. వాడు కూడా గుమ్మం బయటే విసిరేసి పోయేవాడు.

ఒంటరిగా ఉన్నవాడికి ఏదో ఒక పని కావాలి. నేను స్పెయిన్ బడి చదువును పనిగా పెట్టుకున్నాను. దరియాగంజ్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి అట్ట ఊడిన స్పానిష్-ఇంగ్లీషు డిక్షనరీ ఒకటి కొన్నాను. ఆఫీసులో దొరికే అట్టతోనే ఒక ఫైలు తయారుచేశాను. ఎడమవైపు నోట్ షీట్లు, కుడివైపు ఉత్తరాలు, మధ్యలో తాడు. పైన 'విషయం: అమ్మాయి చదువు' అని రాశాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ ఫైలు తెరిస్తే పిల్ల పక్క గదిలో ఉన్నట్టుండేది.

మొదటి నోటు వయసు గురించి. మన ఢిల్లీలో మార్చి ముప్ఫై ఒకటి నాటికి ఎన్నేళ్ళు నిండాయని చూస్తారు. అక్కడ అదేం లేదు, ఒకే సంవత్సరం పుట్టినవాళ్ళంతా ఒకే తరగతి. మాది డిసెంబరు ఆఖరి వారంలో పుట్టిన పిల్ల. జనవరిలో పుట్టినవాళ్ళతో సమానంగా దాన్ని నాలుగో తరగతిలో కూచోబెట్టారు. అంటే క్లాసు మొత్తానికీ చిన్నది, పైగా భాష రానిది. మధ్యాహ్నం బడి ఆపేసి పిల్లల్ని భోజనానికి ఇళ్ళకు పంపి, మూడింటికి మళ్ళీ మొదలుపెడతారట. మా ఆవిడ ల్యాబ్‌లో ఉంటుంది కాబట్టి మా పిల్ల అక్కడే తినేది. "దాల్ పెడతారు నాన్నా, కానీ అందులో మాంసం ముక్కలు వేస్తారు. ఏరేసి తింటాను" అని చెప్పింది. ఇది కూడా ఫైల్లో రాసుకున్నాను.

డిసెంబరులో ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చింది. మార్కుల్లేవు. ప్రతి సబ్జెక్టు ఎదురుగా రెండు మాటల్లో ఒకటి మాత్రమే ఉంటుంది. ఒకటి 'తగినంతగా ముందుకు వెళ్తోంది', రెండోది 'మెరుగుపడాలి'. లెక్కలూ బొమ్మలూ తప్పించి మా అమ్మాయికి అన్నిట్లోనూ రెండోదే.

"ఎన్నో ర్యాంకు?" అని అడిగాను మా ఆవిణ్ణి.

"ఇక్కడ ర్యాంకులుండవండీ."

"ర్యాంకు లేకపోతే పిల్ల ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"బళ్ళో ఉంది" అని విసుగ్గా అంది ఆవిడ. లైను ఆ వారం మామూలు కంటే ముందే కట్ అయింది.

అసలు దెబ్బ ఏప్రిల్‌లో తగిలింది. అక్కడి ప్రాథమిక చదువు ఆరేళ్ళు. దాన్ని రెండేసి ఏళ్ళుగా విడగొడతారు. రెండు, నాలుగు, ఆరు తరగతుల చివర, పిల్లలు అందుకోలేకపోతే ఒక్కసారికి అదే తరగతి మళ్ళీ చదివిస్తారు. మా అమ్మాయిని నాలుగులోనే ఉంచుదామని టీచరమ్మ అనుకుంటోందట. కారణం చదువు కాదు. ఏడాది పొడుగునా ఆ పిల్ల క్లాసులో నోరు విప్పలేదు. ఏది అడిగినా తల దించుకుంటుందట. తల్లిదండ్రుల అభిప్రాయం అడుగుతారు గానీ నిర్ణయం మాత్రం ఆవిడదే.

"ఫెయిల్ కాదండీ. మళ్ళీ చదవడం అంతే. ఒక్క ఏడాదే కదా, మీరు పెద్దది చెయ్యకండి" అంది మా ఆవిడ.

"దాన్నే మన వైపు ఫెయిలంటారు" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో తరగతిలో మూడో ర్యాంకు తెచ్చుకున్న పిల్ల. నేను పక్కన ఉండి ఉంటే ఇలా జరిగేదా? ఈ రెండో మాట పైకి అనలేదు. అంటే ఆవిడ "మరి ఎందుకు లేరు?" అని అడుగుతుంది. ఆ వారం పిల్లతో కూడా మాట్లాడి, నేను టీచరుకి రాస్తానని చెప్పాను. "ఠీక్ హై నాన్నా" అంది, అంతే. నీకు ఏది ఇష్టం అని నేను అడగలేదు. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

ఇరవయ్యేళ్ళుగా గవర్నమెంటులో ఉన్నవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. టీచరమ్మ పేర రిప్రజెంటేషన్ పెట్టాను, అంటే అర్జీ. డిక్షనరీ సాయంతో కూడబలుక్కున్న స్పానిష్‌లో ఐదు పేజీలు, ప్రతి పేరాకీ నంబరు. ఢిల్లీ బడి మార్కుల జాబితాలు, హ్యాండ్‌రైటింగ్ పోటీ సర్టిఫికెట్, పుట్టినతేదీ పత్రం, అన్నీ జెరాక్సులు తీసి జతచేశాను. పక్క గదిలో కూచునే పంజాబీ అధికారి చేత ఒక్కోదాని మీదా సంతకం, గుండ్రటి ముద్ర వేయించాను. ఆయన ముద్ర వేస్తూ, "అరే భాయ్, ఇది బచ్చీ స్కూలా, హైకోర్టా?" అన్నాడు. నేను నవ్వలేదు. చివర్న 'కాపీ: విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ గారికి, సమాచారం నిమిత్తం' అని కూడా చేర్చాను. ఆ ఒక్క లైను చూస్తే ఏ ఆఫీసైనా కదులుతుందని నా నమ్మకం. రెండు కాపీలూ బడి అడ్రసుకే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు ఫైల్లో గుచ్చుకున్నాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఒకే ఒక్క కాగితం, చేత్తో రాసింది. డిక్షనరీ పెట్టుకుని కూడబలుక్కుంటే అర్థమైంది ఇంతే. 'కాగితాలన్నీ చూశాను. అవి ఢిల్లీలో ఉన్న అమ్మాయివి. నా క్లాసులో ఉన్న అమ్మాయి గురించి ఆమె తండ్రితో మాట్లాడాలని ఉంది. ప్రతి గురువారం భోజనాల వేళ ఒక గంట తల్లిదండ్రుల కోసం ఉంటాను. ఈసారి ఆ గంట మీది.'

ఆ గంట మనకు సాయంత్రం నాలుగు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు స్పానిష్ మాట్లాడటం రాదు, మా ఆవిడకు ల్యాబ్ వదిలి రావడం కుదరలేదు. అటు మాట ఇటు, ఇటు మాట అటు మా అమ్మాయే చెబుతానందట. తన ఫెయిల్ సంగతి తనే అనువాదం చెయ్యాలి. పాపం అని ఇప్పుడనిపిస్తోంది. ఆ రోజు మాత్రం నా పాయింట్లు ఒక చీటీ మీద రాసుకుని బూత్‌లో నిలబడ్డాను.

"మూడో క్లాసులో నీకు మూడో ర్యాంకు వచ్చిందని చెప్పు."

అటు గడగడా స్పానిష్ వినిపించింది. నా ఒక్క వాక్యానికి అది నాలుగైదు వాక్యాలు చెప్పింది. ఆ భాషలో మా పిల్ల గొంతు వినడం నాకదే మొదలు. ఎవరో పెద్ద పిల్ల మాట్లాడుతున్నట్టుంది. వివరంగా చెబుతోంది, గట్టిది అనుకున్నాను.

"ఇన్‌స్పెక్టర్ గారికి కూడా రాశానని చెప్పు."

మళ్ళీ చాలాసేపు చెప్పింది. అవతల టీచరమ్మ ఏదో నెమ్మదిగా అడిగింది.

"నాన్నా, మేడమ్ పూఛ్ రహీ హై... నువ్వు ఒక్కడివే భోజనం చేస్తావా అని."

నాకు చిరాకేసింది. రిప్రజెంటేషన్‌కీ నా భోజనానికీ సంబంధం ఏమిటి? "రోజూ ఎవరో ఒకరు వస్తారని చెప్పు" అన్నాను. అది చెప్పింది. తర్వాత, "మేడమ్ ఠీక్ హై అంటోంది నాన్నా. ఐదులోకి పంపిస్తుందట" అంది.

మర్నాడు ఆఫీసులో లడ్డూలు పంచాను. పంజాబీ అధికారికి రెండిచ్చి, "చూశారా, ముద్ర పని చేసింది" అన్నాను. సాయంత్రం మిగిలిన డబ్బా ఇంటికి తెచ్చాను. వారం రోజులు నేనొక్కణ్ణే తిన్నాను.

ఫెలోషిప్ అయ్యాక వాళ్ళు తిరిగొచ్చారు. ఇక్కడి బళ్ళో చేర్పించడానికి అక్కడి రికార్డు కావాలి కాబట్టి, ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితాలు ముందేసుకుని కూచున్నాను. వాటిలో నాలుగో తరగతి టీచరమ్మ రాసిన ఉత్తరం ఒకటుంది. 'తండ్రి గారికి' అని ఉంది పైన. బడి వదిలి వచ్చేసే రోజున పిల్ల చేతికి ఇచ్చిందట. డిక్షనరీ తీశాను. ఒక్కో మాటా పెన్సిలుతో రాసుకుంటూ పోతే గంటన్నర పట్టింది.

'ఆ గురువారం మీరేం చెప్పారో నాకు తెలియదు. మీ అమ్మాయి చెప్పింది మాత్రం ఇది. మా నాన్న అక్కడ ఒక్కడే ఉంటాడు. నేను నాలుగులో ఉండిపోతే ఆయనకు చాలా బాధ. ఆ బాధ చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా నేనూ ఒకరికొకరం ఉన్నాం. నన్ను పంపించండి, రేపటి నుంచి క్లాసులో మాట్లాడతాను, అని. మీ ఇంటికి రోజూ ఎవరో వస్తారన్న మీ జవాబు చెప్పి, అది నిజం కాదని కూడా చెప్పింది. ఏడాదిలో ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. అన్న ప్రకారం శుక్రవారం నుంచి మాట్లాడింది. మీ కాగితాలు చక్కగా ఉన్నాయి, వాటిని మాత్రం నేను ఎవరికీ పంపలేదు.'

ర్యాంకు లేదు, ఇన్‌స్పెక్టర్ లేడు. నా చీటీలో పాయింట్లు ఒక్కటీ అటు చేరలేదు. సిగ్గేసింది. దానికంటే ఎక్కువ ఏడుపొచ్చింది. భయంతో నోరు కట్టేసుకున్న పిల్ల, నా కోసం విప్పింది. నేనేమో లడ్డూలు పంచుకున్నాను.

లేచి ముందు గదిలోకి వెళ్ళాను. అది టీవీ చూస్తోంది. పదేళ్ళు నిండి ఎదిగిపోయింది, తిరిగొచ్చినప్పటి నుంచి నాతో హిందీలోనే మాట్లాడుతోంది. అక్కడే నిలబడ్డాను.

"ఖానా ఖాయా, నాన్నా?" అని ఆ పాత ప్రశ్నే అడిగింది, తల తిప్పకుండానే.

"లేదమ్మా" అన్నాను. "అప్పుడు కూడా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. అందరూ వస్తారని నీకు ఊరికే చెప్పాను."

అది టీవీ గొంతు తగ్గించి నా వైపు చూసింది.

"నాకు తెలుసు నాన్నా" అంది, తెలుగులోనే.