సరైన జవాబు తెచ్చినవాళ్లే దొంగలు

మా ఆయన పోయి ఏడాది తిరక్కముందే చుట్టాలు ఆయన్ని దేవుణ్ణి చేసేశారు. కాపురం చేసినదాన్ని నేను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

కాలేజీ ల్యాబులో పిల్లలచేత ప్రయోగాలు చేయించడం ఆయన ఉద్యోగం. ఇంటిని కూడా ల్యాబే అనుకునేవారు. పది నిమిషాల్లో వంటైపోతుందని చెప్పి ఇరవై నిమిషాలకు వడ్డిస్తే, తేడాను అసలు పట్టిన టైముతో భాగించి, నూరుతో హెచ్చవేసి, "యాభై శాతం తప్పు" అనేవారు. "మరి ఆకలి ఎంత శాతం?" అని అడిగితే కంచం దగ్గరికి లాక్కునేవారు.

పిల్లలు ఇనుప దిమ్మను కొలవకుండా, పుస్తకంలో ఇనుము సాంద్రత చూసుకుని వెనకనుంచి లెక్క అల్లుకొస్తున్నారని ఆయనకు ఒళ్లుమంట. అందుకని చెక్క స్కేలు మొదట్లో అర సెంటీమీటరు రంపంతో కోసిపారేశారు. ఇక నిజంగా కొలిచినవాళ్లకు పొడవూ వెడల్పూ ఎత్తూ అర సెంటీమీటరు చొప్పున ఎక్కువొచ్చి, సాంద్రతలో పాతిక శాతం తప్పు రావాలి. సరైన జవాబు తెచ్చినవాళ్లు దొంగలన్నమాట.

ఆ ఏడు మా అమ్మాయి ఆ ల్యాబులోనే పరీక్షకు కూర్చుంది. జవాబు సరిగ్గా తెచ్చింది. కన్నతండ్రి సున్నా వేశారు. ప్రాక్టికల్లో సున్నా అంటే ఆ ఏడాది చదువు గంగపాలే.

సాయంత్రం స్కేలూ దిమ్మా సంచిలో వేసుకొచ్చి, దొంగసొత్తు పట్టుకొచ్చిన పోలీసులా బల్ల మీద పెట్టారు.

"ఎవరి దగ్గర కాపీ కొట్టావో చెప్పు."

"కొలిచాను నాన్నా."

"దీంతో కొలిస్తే ఆ జవాబు చచ్చినా రాదు."

"నీ రంపం పని బాలేదులే. కొస తెగిందని చూడగానే తెలిసిపోయింది. ఒకటి దగ్గర పెట్టి కొలిచి, ఆ ఒకటి తీసేశా."

"మిగతావాళ్లకు తెలీలేదేం?"

"వాళ్లు స్కేలు ముట్టుకుంటేగా."

కొలిచి చూపించింది. ఆయన మళ్లీ తనే కొలిచారు, పొడవూ వెడల్పూ ఎత్తూ. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి కొలిచారు.

"ఇప్పుడు మీ తప్పు ఎంత శాతమండీ?" అన్నాను.

"అమ్మాయి చేసిన అసలు మోసం సున్నా. సున్నాతో భాగించడం కుదరదే," అన్నారు నావైపు చూడకుండా.

తప్పు ఒప్పుకోవడానికి కూడా లెక్కే అడ్డొచ్చింది మహానుభావుడికి.

మర్నాడు మార్కులు దిద్దారు. ఒక్కటి మాత్రం కోశారు, జవాబు పక్కన యూనిట్ రాయలేదట. ఆ ఒక్క మార్కు కోసం తండ్రీకూతుళ్లు ఆసుపత్రి మంచం దగ్గర కూడా పోట్లాడుకున్నారు. ఇప్పుడు అమ్మాయి తరఫున నేను వాదిద్దామన్నా, అవతల మనిషి లేడు.